గేజ్ బిగించగానే తగ్గిపోయే గ్యాస్

ముందు వరసల్లో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కనిపిస్తున్నారు. వెనక ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ సోదరులు ఉన్నారు. మధ్యలో పెద్దలు కూర్చున్నారు. రేస్ కారు షాక్ అబ్జర్బర్‌లో గ్యాస్ ఎంత నింపాలి, దాన్ని నింపడానికీ కొలవడానికీ ఎలాంటి పనిముట్టు కొనాలి అన్నది ఇవాళ్టి విషయం. వినడానికి చాలా చిన్న సంగతి. కానీ కారు గుంతలో పడ్డప్పుడు టైరు రోడ్డును వదలకుండా ఉంటుందా లేదా అన్నది కొంతవరకు దీని మీద కూడా ఆధారపడి ఉంది.

అసలు షాక్‌లో గ్యాస్ ఎందుకు? షాక్ చేసే పనంతా ఆయిల్‌దే. పిస్టన్‌లో సన్నటి దారులుంటాయి. ఆ దారుల్లోంచి ఆయిల్‌ను బలవంతంగా తోయడం వల్ల స్ప్రింగ్ ఊగకుండా ఆగుతుంది. చక్రం గతుకు ఎక్కినప్పుడు రాడ్ లోపలికి దూసుకెళుతుంది. పిస్టన్ ముందున్న ఆయిల్ నలుగుతుంది, పిస్టన్ వెనక వైపు మాత్రం ఒత్తిడి పడిపోతుంది. మరీ పడిపోతే అక్కడ ఆయిల్ నిండదు, బుడగలతో ఖాళీ ఏర్పడుతుంది. సోడా సీసా మూత తీయగానే లోపలి ఒత్తిడి తగ్గి బుడగలు పైకి లేస్తాయే, అలాంటిదే. ఇక రాడ్ వెనక్కి తిరిగినప్పుడు ముందు ఆ ఖాళీ పూడాలి, ఆ తర్వాతే షాక్ పట్టు మొదలవుతుంది. ఆ కొద్ది క్షణం చక్రాన్ని అదుపు చేసేవాళ్లు లేరన్నమాట.

ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియాన్ బూర్సియే ద కార్బాన్ అనే ఇంజనీరు దీనికి చక్కటి దారి చూపించాడు. ఒకటే గొట్టం. అందులో ఆయిల్, దాని చివర అటూ ఇటూ జరిగే ఒక విడి పిస్టన్, దాని అవతల ఒత్తిడితో నింపిన గ్యాస్. గ్యాస్, ఆయిల్ కలవవు, కానీ గ్యాస్ ఎప్పుడూ ఆయిల్‌ను ఒత్తి పట్టుకునే ఉంటుంది. ఆ పద్ధతినే జర్మనీలో బిల్‌స్టైన్ చేపట్టింది. 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు ఈ రకం షాక్‌లు వచ్చాయి. ఈనాటి రేస్ షాక్‌లలో ఎక్కువ భాగం ఆ ఆలోచనకు వారసులే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 46 మి.మీ. పిస్టన్, 14 మి.మీ. రాడ్ ఉన్న షాక్ తీసుకోండి. గ్యాస్ 200 పీఎస్‌ఐ ఉంటే, గతుకు ఎక్కేటప్పుడు పిస్టన్ మీద పడే బలం సుమారు 210 కిలోలు దాటేదాకా బుడగల బెడద రాదు. అదే గ్యాస్ 100 ఉంటే ఆ హద్దు 105 కిలోల దగ్గరికి దిగిపోతుంది. అయితే ఎక్కువ నింపేస్తే సరిపోతుందిగా అంటారు. సరిపోదు. ఆ గ్యాస్ రాడ్‌ను కూడా బయటికి తోస్తుంది. 200 పీఎస్‌ఐ దగ్గర ఆ తోపు దాదాపు 22 కిలోలు, 100 దగ్గర అందులో సగం. స్ప్రింగ్ మి.మీ.కు 10 కిలోలు పట్టేదైతే, 100 పీఎస్‌ఐ మార్పుతో కారు ఆ మూల ఒక మి.మీ. పైన లేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం సీల్ దగ్గర ఉంది. ఒత్తిడి పెరిగేకొద్దీ సీల్ రాడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. దాంతో చిన్న చిన్న గతుకులకు షాక్ కదలనే కదలదు. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: బుడగలు రాకుండా ఆపగలిగినంత గ్యాస్ ఉంటే చాలు, అంతకు మించి వద్దు. అమెరికాలో మట్టి ట్రాకుల మీద పరుగెత్తే జట్లు నాలుగు చక్రాలకూ ఈ ఒత్తిడిని విడివిడిగా మారుస్తూ కారు నడకను దిద్దుకుంటాయి. కొలత సరిగ్గా లేకపోతే ఆ దిద్దుబాటుకు అర్థమే ఉండదు.

ఇక పనిముట్టు దగ్గరికి వద్దాం. నేను మీ ముందుకు వచ్చిందే ఇందుకు.

టైరులో గాలి కొలిచినట్టే షాక్‌లోనూ కొలవచ్చు అనుకుంటాం. టైరులో లీటర్ల కొద్దీ గాలి ఉంటుంది, గేజ్ గొట్టంలోకి కాస్త పోయినా తేడా తెలియదు. షాక్‌లో గ్యాస్ ఉండే చోటు పిడికిట్లో పట్టేంతే. ఉదాహరణకు 30 సీసీ అనుకోండి. మీ గేజ్, దాని గొట్టం, బిగించే తల, అన్నీ కలిపి లోపలి ఖాళీ 3 సీసీ అనుకోండి. షాక్‌లో సరిగ్గా 200 పీఎస్‌ఐ ఉంది. గేజ్ బిగించి వాల్వ్ పిన్ నొక్కారు. ఆ 3 సీసీని నింపాల్సింది కూడా షాక్‌లోని గ్యాసే. ముల్లు 182 దగ్గర ఆగుతుంది. గేజ్ తప్పు చెప్పలేదు, ఆ క్షణాన షాక్‌లో నిజంగా 182 మాత్రమే ఉంది. తగ్గించింది మన కొలతే. గ్యాస్ చోటు 100 సీసీ ఉన్న పెద్ద షాక్‌లో అయితే ఇదే గేజ్‌తో 194 కనిపిస్తుంది. అంటే ఒకే గేజ్ రెండు షాక్‌లకు రెండు రకాల తేడా చూపిస్తుంది.

దీనివల్ల డబ్బు దండగ కూడా. ఇవాళ 200కు సరిచేసి తీసేస్తారు. రేపు చూస్తే 182. ఇవాళా అంతే, రేపూ అంతే. గ్యాస్ కారుతోందని షాక్ విప్పి సీళ్లు మారుస్తారు. సీళ్లు బాగానే ఉన్నాయి.

కాబట్టి కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది డయల్ అందం కాదు, లోపలి ఖాళీ. గొట్టం పొట్టిగా, సన్నగా ఉండాలి. రెండోది, వాల్వ్‌ను తెరిచే తీరు. మామూలు టైరు గేజ్ తలను మరతో బిగిస్తే, బిగుస్తూనే పిన్ నొక్కుకుంటుంది. విప్పేటప్పుడు రబ్బరు ముందు వదులవుతుంది, పిన్ ఇంకా నొక్కుకునే ఉంటుంది. అప్పుడు వినిపించే బుస్సు శబ్దం షాక్‌లోంచి పోతున్న గ్యాస్‌ది. ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. మంచి పనిముట్టులో తల వేరు, పిన్‌ను నొక్కే పిడి వేరు. ముందు తల బిగించి గ్యాస్ కారకుండా చూసుకోవాలి, ఆ తర్వాత పిడి తిప్పి పిన్ నొక్కాలి. తీసేటప్పుడు ముందు పిడి వెనక్కి తిప్పాలి. వాల్వ్ మూసుకుంటుంది. అప్పుడు తల విప్పితే పోయేది గొట్టంలో మిగిలిన గ్యాస్ మాత్రమే, షాక్‌లోది చుక్క కూడా పోదు. తమ్ముళ్లూ, మీ దగ్గర డబ్బు తక్కువే ఉంటే అది ఈ తల మీద ఖర్చు పెట్టండి. డయల్ సాదాది అయినా ఫర్వాలేదు.

ఇలాంటి తల ఉంటే ఇంకో సౌకర్యం ఉంది. పిన్ నొక్కకముందే నైట్రోజన్ సిలిండర్ నుంచి గొట్టాన్ని 200 దాకా నింపి, సిలిండర్ వైపు మూసేయండి. అప్పుడు పిన్ నొక్కండి. ముల్లు కదలకపోతే షాక్‌లో ఉన్నది 200. కిందికి వస్తే తక్కువ ఉంది, పైకి వెళితే ఎక్కువ ఉంది. షాక్ నుంచి గొట్టానికి పోవాల్సిన గ్యాస్ ఇక ఏమీ ఉండదు కాబట్టి కొలత మీద కొలత ప్రభావం పడదు. ఈ పద్ధతి నాకు ఎంత ఇష్టమో చెప్పలేను, ఎందుకంటే ఇందులో ఖరీదైనదేమీ లేదు, క్రమం ఒక్కటే ఉంది.

డయల్ గురించి కూడా కొంచెం చెబుతాను. 1849లో పారిస్‌లో యూజీన్ బూర్దాన్ పేటెంట్ పొందిన వంపు గొట్టమే ఇప్పటికీ ఎక్కువ డయల్ గేజ్‌లలో ఉంది. వీటి ఖచ్చితత్వాన్ని పూర్తి స్కేలులో శాతంగా చెబుతారు. 2 శాతం తేడా ఉన్న గేజ్ 300 దాకా ఉంటే 6 పీఎస్‌ఐ అటూ ఇటూ. అదే 1000 దాకా ఉంటే 20. పెద్ద అంకె ఉన్న గేజ్ మంచిదనుకుని కొనకండి. మీరు వాడే ఒత్తిడి డయల్ మధ్యలో పడాలి. గ్యాస్ కొద్దికొద్దిగా వదలడానికి మెత్తటి బటన్ ఉందా అని నొక్కి చూడండి.

కొన్ని షాక్‌లకు వాల్వ్ ఉండదు, చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. దానికి సూది కావాలి. సూదికి కాస్త ఆయిల్ రాసి నిటారుగా దించాలి. వంగిన సూదితో గుచ్చితే రబ్బరు చిరుగుతుంది. సూదులు విడిగా రెండు మూడు కొని పెట్టుకోండి.

గ్యాస్ అంటే నైట్రోజన్. పొడిగా ఉంటుంది, ఆయిల్‌తో రసాయన చర్యకు దిగదు. గాలి కంప్రెసర్‌తో తేమ లోపలికి వెళుతుంది, పైగా చాలా కంప్రెసర్లు అంత ఒత్తిడి ఇవ్వలేవు. టైర్ల దుకాణంలో నైట్రోజన్ తయారు చేసే యంత్రం కూడా 200కు చేరదు. మన ఊళ్లో సులువైన దారి ఏసీ మెకానిక్‌లు. పైపులు పరీక్షించడానికి వాళ్ల దగ్గర నైట్రోజన్ సిలిండరూ, తగిన రెగ్యులేటరూ ఉంటాయి. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు లోపల 150 బార్ దాకా, అంటే సుమారు 2,200 పీఎస్‌ఐ ఉంటుంది. అది షాక్‌కు కావలసిన దానికి పది రెట్ల పైమాటే. రెగ్యులేటర్ లేకుండా నేరుగా కలపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడం. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ పక్కనే కనిపిస్తుంది కదా అని దాన్ని మాత్రం ముట్టుకోకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే పేలుతుంది. ఈ మాట ఒక్కసారి విని మరిచిపోయేది కాదు.

బాహా అనే విద్యార్థుల ఆఫ్‌రోడ్ పోటీలకు బండి కట్టే పిల్లలు, ఫోర్క్‌లకు గాలి కొట్టే చేతి పంపుతో పనికానిస్తారని నాకు తెలుసు. మీ బండి మీదవి గాలి స్ప్రింగ్ షాక్‌లైతే ఆ పంపు సరైనదే, ఎందుకంటే అక్కడ గాలే బరువు మోస్తుంది. ఆయిల్‌ను ఒత్తి పట్టుకునే గ్యాస్ గదికి మాత్రం నైట్రోజనే వాడండి.

చివరిగా వేడి సంగతి. 25 డిగ్రీల దగ్గర 200 పీఎస్‌ఐ పెట్టిన షాక్ 85 డిగ్రీలకు వేడెక్కితే, గ్యాస్ వేడి వల్లనే 243 దాకా పోతుంది. ఆయిల్ వ్యాకోచించి గ్యాస్ చోటును ఇంకా నొక్కుతుంది కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే. పరుగు అయ్యి పిట్‌లోకి రాగానే కొలిచి, ఎక్కువైందని వదిలేస్తే, చల్లారాక షాక్‌లో గ్యాస్ తక్కువైపోతుంది. మన ఎండాకాలంలో తెల్లవారుజామున 25 డిగ్రీలు, మధ్యాహ్నం పిట్‌లో 45 ఉంటే, ఆ తేడా ఒక్కటే 14 పీఎస్‌ఐ. కాబట్టి పుస్తకంలో ఒత్తిడి అంకె పక్కనే షాక్ ఎంత వేడిగా ఉందో, ఏ గేజ్‌తో కొలిచారో కూడా రాయండి. ఇప్పుడు ఇక్కడ బల్ల మీద ఒక షాక్, రెండు రకాల తలలు పెట్టాను. మెకానిక్ సోదరులు ముందుకు రండి, రెండింటితోనూ కొలిచి చూద్దాం.