ఖాళీ కొక్కెం: వైమానిక దళంలో నేను చూసిన నాయకత్వం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు చేశారు కదండీ, నాయకత్వం గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. "బాబూ, నేను పైలట్‌ని కాదు, మెకానిక్‌ని" అని వెంటనే చెప్పాను. "పర్లేదండీ, విమానం పక్కనే ఉన్నారు కదా" అన్నారు. అదీ నిజమే. ఎగిరేవాళ్లు ఆకాశాన్ని చూస్తారు. కింద నిలబడ్డ మేము మనుషుల్ని చూశాం. నేను చూసిన మేరకే చెబుతాను.

నాది 1978 పదో తరగతి బ్యాచ్. ఇంటర్ అయ్యాక ఎయిర్‌మన్‌గా సెలక్టయ్యాను. బెళగావి దగ్గర సాంబ్రాలో కవాతు, తరవాత తాంబరంలో ట్రేడ్ శిక్షణ. భీమేశ్వరస్వామి గుడి ప్రాకారం కంటే పెద్ద కట్టడం చూడని ద్రాక్షారామం కుర్రాణ్ణి తీసుకెళ్లి మిగ్-21 ముందు నిలబెట్టారు. మొదటి రోజు దాని చప్పుడికి గుండె జారిపోయింది. వారం తిరిగేసరికి ఆ చప్పుడులోనే నిద్రపోవడం అలవాటైంది.

అక్కడ ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఫారం 700 అంటారు. ఇంజన్ చూసినవాడు, ఎలక్ట్రికల్ చూసినవాడు, ఆయుధాలు చూసినవాడు, ఎవరి పనికి వాళ్లు అందులో సంతకం చెయ్యాలి. ఆ సంతకాలన్నీ చూసుకున్నాకే పైలట్ తన సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. ఆయన స్క్వాడ్రన్ లీడర్ కావచ్చు, వింగ్ కమాండర్ కావచ్చు. నిన్నగాక మొన్న చేరిన లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్ సంతకం లేకపోతే ఆ విమానం కదలదు. సీట్లో కూర్చున్నాక బెల్టులు బిగించేదీ మేమే. ఎజెక్షన్ సీటు పిన్నులు తీసి, లెక్కపెట్టి ఆయనకి చూపించేదీ మేమే. నాకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఆయన ప్రాణం నా చేతి రాత మీద ఆధారపడి ఉంది. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు. అమ్మ భయపడుతుందని.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. స్టేషన్ పేరు, మనుషుల పేర్లు చెప్పను. మా పనిముట్లకి ఒక బోర్డు ఉండేది. ప్రతి పనిముట్టు ఆకారం బోర్డు మీద రంగుతో గీసి, దానికో కొక్కెం పెట్టేవారు. పని అయ్యాక అన్నీ తగిలించి, లెక్క చూసి, రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ వస్తువు ఎక్కడో ఉన్నట్టు. ఆ ఎక్కడో అన్నది విమానం లోపలైతే, కంట్రోల్ రాడ్ల మధ్య ఇరుక్కుంటే, ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఆ రోజు సాయంత్రం షిఫ్టు ఆలస్యమైంది. మెస్ మూసేస్తారు, ఆకలి దంచేస్తోంది. బోర్డు వైపు చూడకుండానే సంతకం పెట్టేసి పరుగెత్తాను. అన్నం తిన్నాను, పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. కళ్లముందు బోర్డు కనిపించింది. కింది వరసలో ఒక కొక్కెం ఖాళీ. పొట్టి స్క్రూడ్రైవరు.

నిజం చెబుతున్నాను, మొదట వచ్చిన ఆలోచన వేరు. తెల్లవారుజామున అందరికంటే ముందు వెళ్లి గుట్టుచప్పుడు కాకుండా వెతుక్కుందామని. దొరికితే ఎవరికీ తెలియదు. దొరక్కపోతే? ఆ విమానం పొద్దున్న మొదటి సార్టీలో ఉంది. మంచం మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చెప్పులేసుకుని డ్యూటీ సార్జెంటు దగ్గరికి వెళ్లాను.

ఆ రాత్రి మా షిఫ్టులో ఎవరికీ నిద్ర లేదు. విమానాన్ని నిలిపేశారు. ప్యానెళ్లన్నీ విప్పి టార్చిలైట్లతో వెతికారు. నన్ను తిట్టని నోరు లేదు. అన్ని భాషల్లోనూ తిట్టారు, మన భాషలో కూడా. పొద్దున ఆరింటికి దొరికింది. విమానంలో కాదండి, హ్యాంగర్లో ట్రాలీ చక్రం వెనకాల. ఆ పూట సార్టీలు పోయాయి.

తొమ్మిదింటికి కమాండింగ్ ఆఫీసరు అందర్నీ నిలబెట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మూడు మాటలు మాట్లాడారు. చూడకుండా సంతకం పెట్టినందుకు నాకు వారం రోజులు అదనపు డ్యూటీ వేశారు. అర్ధరాత్రి లేచి వచ్చి చెప్పినందుకు అందరి ముందూ చెయ్యి కలిపారు. మూడోది అడ్జుటెంట్ వైపు తిరిగి అడిగారు: "సాయంత్రం షిఫ్టుకి మెస్ ఎన్నింటికి మూస్తున్నారు?" ఆ వారం నుంచి మెస్ మరో గంట తెరిచి ఉంచారు.

నలభై ఏళ్లుగా ఆ మూడో మాట గురించే ఆలోచిస్తున్నాను. మొదటి రెండూ మంచి ఆఫీసరు ఎవరైనా చేస్తారు. ఆకలేసిన కుర్రాడు బోర్డు చూడకుండా ఎందుకు పరుగెత్తాడో అడగాలని తోచడం వేరు. దీనికి ఉల్టా చూశాను కూడా. ఇంకోచోట పెద్దాయన ఒకరు చిన్న పొరపాటుకి కూడా అందరి ముందూ నానా మాటలూ అనేవారు. అక్కడ రిజిస్టర్లన్నీ శుభ్రంగా ఉండేవి. ఒక్క లోపం కూడా రాసి ఉండేది కాదు. ఆ శుభ్రత చూస్తే మాకు భయం వేసేది.

మన బడిలో మా లెక్కల మాస్టారు ఒకసారి బోర్డు మీద లెక్క చేస్తూ గుర్తు తారుమారు చేశారు. ఆఖరి బెంచీ నుంచి ఒకడు లేచి "తప్పండీ" అన్నాడు. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. బెత్తం బల్ల మీదే ఉంది మరి. ఆయన చూసుకుని, తుడిచేసి, "వీడు చెప్పిందే రైటు" అని సుద్దముక్క వాడి చేతికిచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఆ రాత్రి చెప్పులేసుకుని డ్యూటీ సార్జెంటు గదికి నడిచేటప్పుడు నాకు ఆ మాస్టారే గుర్తొచ్చారు. అందుకే ఇది మీకు చెబుతున్నాను.

పైలట్లకి డీబ్రీఫ్ అని ఉంటుంది. దిగగానే చెమట ఆరకముందే కూర్చుని ఏం జరిగిందో తిరగేస్తారు. నేను చూసిన మంచి లీడర్లు తమ తప్పుతోనే మొదలుపెట్టేవారు. లీడరే ముందు ఒప్పుకుంటే కింది కుర్రాడికి దాచాల్సిన పని ఉండదు.

పెద్ద పదవుల్లో ఇది ఎంత కష్టమో మనం చూశాం. 2019 ఫిబ్రవరి 27న కశ్మీరులోని బడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్ని కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు పోయారు. అక్టోబరు 4న, వైమానిక దళాధిపతిగా బాధ్యతలు తీసుకున్న వారం లోపే, ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా పత్రికలవాళ్ల ముందు కూర్చుని అది మా పెద్ద తప్పు అని ఒప్పుకున్నారు. ఆ మాట రావడానికి ఏడు నెలలు ఎందుకు పట్టిందని అడిగినవాళ్లున్నారు. నేనూ అడిగాను. అయినా ఆ మాట వచ్చింది. హెలికాప్టర్లో పోయినవాళ్లలో నాలాంటి ఎయిర్‌మెన్ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఆ మాట విలువ వేరుగా ఉంటుంది.

ఇక ఒక్క మనిషి గురించి చెప్పి ముగిస్తాను. గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్. 2020 అక్టోబరు 12న తేజస్ విమానం ఒంటరిగా నడుపుతుండగా కంట్రోళ్లు చెడిపోయాయి. దూకేసి ప్రాణం దక్కించుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆయన విమానాన్ని లొంగదీసి దింపారు. 2021లో శౌర్యచక్ర వచ్చింది. వచ్చిన నెల రోజులకి, సెప్టెంబరులో, తాను చదివిన చండీమందిర్ ఆర్మీ పబ్లిక్ స్కూలు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశారు. తన ఘనత గురించి కాదండి. తాను బడిలో సగటు విద్యార్థినని, పన్నెండో తరగతిలో ఫస్టు క్లాసు అతికష్టం మీద వచ్చిందని, ఆటల్లోనూ గొప్పవాణ్ణి కాదని రాశారు. సగటుగా ఉండటం తప్పు కాదని, ఆ మార్కులే జీవితాన్ని నిర్ణయించవని, మనసుకి పట్టిన పని వెతుక్కుని దానికి కష్టపడమని పిల్లలకి చెప్పమన్నారు. పతకం మెడలో ఉండగా ఎవరైనా తన మార్కులు దాచుకుంటారు. ఆయన వాటినే బయటపెట్టారు.

ఆ డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ రావత్ హెలికాప్టర్ కూలినప్పుడు వరుణ్ సింగ్ అందులోనే ఉన్నారు. మన చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్ నాయక్ సాయితేజ కూడా. పధ్నాలుగు మందిలో ఆ రోజు బతికి బయటపడింది వరుణ్ సింగ్ ఒక్కరే. 15న బెంగళూరులో ఆయన కూడా పోయారు.

మన సంఘం ఏటా మొదటి ముగ్గురు ర్యాంకర్లకి బహుమతులు ఇస్తోంది. ఇవ్వాల్సిందే. మిగతా పిల్లలు ఆ రోజు వెనక వరసల్లో కూర్చుని చప్పట్లు కొడతారు. నేనూ అలాగే కొట్టాను. వాళ్ల కోసం ఆ ఉత్తరాన్ని తెలుగులోకి రాసి తెచ్చాను. హెడ్మాస్టరుగారు అనుమతిస్తే పదో తరగతి గదిలో గోడకి పెట్టిద్దాం. నా తెలుగు మీద నాకు నమ్మకం లేదు. నలభై ఏళ్లు హిందీలో తిట్లు తిన్నవాణ్ణి. తెలుగు మాస్టారూ, మీరిక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: గోడెక్కించే ముందు ఒకసారి ఎర్రసిరాతో దిద్దిపెట్టండి.