ఒక దినపు ప్రయాణము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో ఈ ప్రసంగము వింటున్న సహోదరీ సహోదరులారా, ఈ పూట నడక గూర్చి కొంచెము ఆలోచించుదము.

నల్లమలలోని సలేశ్వరం దారి మీలో చాలామందికి తెలుసు. ఏటా చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులు మాత్రమే అటవీ శాఖవారు ఆ దారి తెరుస్తారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యము గదా! మన్ననూరు దాటి, ఫరహాబాద్ మీదుగా రాంపూర్ పెంట వరకు బండ్లు పోతాయి. అక్కడినుండి లోయలోకి కాలినడకే. లింగాల వైపునుండి వచ్చేవారు ఇంకా ఎక్కువ దూరము నడుస్తారు. మన ఇరుగుపొరుగువారి మొక్కుల సంగతి ఈ పూట నా అంశము కాదు. వారి నడక మాత్రమే నా అంశము.

బయలుదేరేటప్పుడు సంచిలో వేసినవన్నీ అవసరమే అనిపిస్తాయి. సద్ది, దుప్పటి, మార్చుకునే బట్టలు, నీళ్ల సీసాలు. దిగేటప్పుడు మోకాళ్లకు తెలుస్తుంది. తిరిగి ఎక్కేటప్పుడు, ఆ ఎండలో, తడిసిన తువ్వాల కూడా బరువే. లీటరు నీళ్లంటే కిలో బరువు, అయినా వాటిని వదలలేము. (ఖాళీ సీసాను మాత్రం అడవిలోనే పారేసి వస్తారు కొందరు. ఇది సిగ్గుపడవలసిన పని.) అదే అడవిలో పుట్టిన చెంచులను చూడండి. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1940లో వారి మధ్య ఉండి, 1943లో వారిని గూర్చి పుస్తకము ప్రచురించాడు. గడ్డలు త్రవ్వే కర్ర, విల్లు, గొడ్డలి, గంప, ఇలాంటి కొద్ది సామానుతోనే వారి బ్రతుకు సాగేది. ఏ ఊటలో నీళ్లుంటాయో, ఏ కాలములో ఏ గడ్డ దొరుకుతుందో వారికి తెలుసు. తెలిసినవాడు తక్కువ మోస్తాడు. తెలియని మనము భయము కొద్దీ మోస్తాము.

ఆ దారి ఇరుకు. 2023 ఏప్రిల్ జాతరలో అక్కడ ప్రాణాలు కూడా పోయాయి. ఎక్కుతూ ఎక్కుతూ ఒకడు రాతి మీద కూలబడితే వెనుకనున్నవారు తొందరపెడతారు. “లే, ఇంక కొంచెమే” అంటారు. కూర్చున్నవాడికి ఆ మాట దెబ్బలాగే తగులుతుంది.

రాజులు మొదటి గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయాను చూడండి. కర్మెలు మీద గెలిచినవాడు యెజెబెలు బెదిరింపుకు పారిపోయి బెయేర్షెబా చేరాడు. దాసుణ్ణి అక్కడే విడిచి, ఒంటరిగా అరణ్యములోకి ఒక దినపు ప్రయాణము నడిచాడు. తోడును విడిచిపెట్టడమే అలసటకు మొదటి గుర్తని నా అభిప్రాయము. ఒక చెట్టు క్రింద కూర్చుండి, చావు కోరుకున్నాడు. ప్రవక్తయైయుండి! అప్పుడు దేవదూత ప్రసంగము చేయలేదు, గద్దించలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండవసారి లేపినప్పుడు ప్రయాణము చాలా దూరమని మాత్రం ఒప్పుకున్నాడు. హోరేబులో ప్రశ్నలు అడగడము ఆ తరువాత, నలుబది దినములకు.

మన పల్లెలలో బోరు ఎండిపోయి, అప్పు తీరక, ఇంటాయన బొంబాయికో పూణేకో పోయి ఫోను చేయక కూలబడినవారున్నారు. “అయ్యగారూ, పొద్దు పొడవకపోతే మంచిగుండు” అని ఒక తల్లి నాతో అన్నది. ఆమె ఉదయము నుండి ఏమీ తినలేదు. ఆ పూట బైబిలు తెరవలేదు. నా భార్య జొన్నరొట్టె చేసింది, ఆమె తిని అక్కడే చాప మీద నిద్రపోయింది. అప్పు కాగితాలు మరుసటి వారము కూర్చుండి చూశాము. అప్పు ఇంకా ఉన్నది. ఆమె కూడా ఉన్నది.

అలాంటి తలంపుతో ఒంటరిగా ఈ రేడియో వింటున్నవారెవరైనా ఉంటే, ఈ రాత్రే పక్కింటి తలుపు తట్టండి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉన్నది. నంబరు 14416. ఏ వేళయైనా చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చు. నంబరు మరల చెప్పుచున్నాను, వ్రాసుకొనండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.