సింహళ బాలలతో ఏడు దినాలు



గత వేసవిలో మేము శ్రీలంకలోని అనురాధపురం సమీపాన ఒక ఆరామంలో వారం రోజులు బాలబాలికలకు ఇంగ్లీషు బోధించాము. ఉదయం చిన్నవారికి అక్షరాలు, మధ్యాహ్నం పెద్దవారికి వాక్యాలు, సాయంత్రం సంభాషణ, రాత్రి మరునాటి పాఠాల తయారీ. విశ్రాంతి ఎరుగము.

మూడవనాడు ప్రశ్న వేయడం నేర్పుతుండగా పదేళ్ల బాలిక లేచి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అడిగింది: "మీది బుద్ధుని దేశం కదా. పౌర్ణమినాడు మీ ఊరి పిల్లలు ఏ విహారానికి వెళతారు?"

జవాబు చెప్పలేకపోయాము. నాగార్జునకొండలోని 3వ శతాబ్ది శాసనం సింహళ విహారాన్ని పేర్కొన్నదని ఏటా తరగతిలో చెబుతాము. ఆనాడు ఆ దీవి భిక్షువులకు మన నేల నీడనిచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ చూపిన బాటలో మనమూ దీక్ష తీసుకున్నాము. కాని ధర్మం నేర్చుకునేందుకు మన పిల్లలకు ఒక గదైనా చూపలేదు.

చివరినాడు భవిష్యత్కాలం బోధిస్తూ ఆ బాలికకు బదులిచ్చాము: "మేము ఆదివారం బడి ప్రారంభిస్తాము." పాఠం చెప్ప వెళ్లి, మాట ఇచ్చి వచ్చాము. ఆ మాట నిలపడానికి వారానికొక గంట మీ పిల్లలను పంపండి, మీరూ రండి.

నమో బుద్ధాయ. జై భీమ్.