అటక మీది వీణ ఏ ఊరిది?

పాత జపాన్ గిటారు పుట్టుక తెలుసుకోవడం ఒక్కోసారి తేలికే. గుండ్రటి రంధ్రంలోంచి తొంగిచూస్తే లోపల చీటీ ఉంటుంది. దానిమీద జపాన్ శకం లెక్కలో షోవా 45 అని ఉంటే 1925 కలపండి, 1970 అన్నమాట.

మరి మన చింతలపూడిలో ఏ అటక మీదో చీటీ లేని వీణ దొరికితే? చెక్కనే అడగాలి. కుండ, దండి కలిపి ఒకే పనస దుంగలో తొలిస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి దానికి పేరుమోసిన ఊరు. అంతమాత్రాన బొబ్బిలిదేనని తేల్చేయకండి. మన నూజివీడులోనూ పనస వీణలు చేస్తారు; మామిడి గొడవలో ఆ సంగతి ఎవరికీ పట్టదు గానీ! రోజ్‌వుడ్ కనిపిస్తే మైసూరు వైపూ ఆలోచించాలి. 24 మెట్లను నిలిపిన మైనాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు. మేళం, అంటే మెట్ల అమరిక, మళ్లీ కట్టించినప్పుడు అది కొత్తదవుతుంది.