పేతురు గాలము, ఊరి చెరువు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ వారం మన ధ్యానానికి మత్తయి సువార్త 17వ అధ్యాయం 24 నుండి 27 వచనాలు తీసుకుందాం. బైబిలు దగ్గరున్నవారు తెరచి ఉంచుకోండి.

ఈ వాక్యభాగం ఎంచుకోవడానికి ఒక ఉత్తరం కారణం. పేరు, ఊరు చెప్పను. కూలిపని చేసుకునే ఒక సహోదరుడు రాశాడు. సాయంత్రం పూట ఊరి చెరువు గట్టున గాలం వేసి కూర్చోవడం ఆ ఇంట్లో తాత నాటి నుండి ఉన్న అలవాటు. రెండేళ్ళుగా చెరువును పాట పాడుకున్న ఆసామి ఎవరినీ గాలం వేయనివ్వడం లేదు. ఈ సహోదరుడు చీకటి పడ్డాక వెళ్ళి ఒకటో రెండో చేపలు పట్టుకొస్తున్నాడు. "అయ్యగారూ, నీళ్ళు దేవుడివి, చేపలు దేవుడివి. ఇది దొంగతనమంటారా?" అని అడిగాడు. ఇంకొక మాట కూడా రాశాడు. చేపల కూర వండిన రోజున భోజనం ముందు ప్రార్థన చేయడానికి నోరు రావడం లేదట. ఆ మాట చదివాక ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను.

ముందు చెరువు సంగతి చూద్దాం. మన ఊరి చెరువుల్లో పెరిగే చేపలు ముఖ్యంగా బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ. ఇవన్నీ కార్పు జాతివే. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, శీలావతి నడిమి నీళ్ళలో, ఎర్రమోసు, బంగారుతీగ అడుగు బురదలో. అందుకే గాలం వేసేవాడు బెండును పైకీ కిందికీ జరుపుతూ ఉంటాడు. ఎర్రలు గుచ్చేవారు ఎర్రలు గుచ్చుతారు, తవుడు, వేరుశనగ చెక్క కలిపి ముద్ద చేసేవారు ముద్ద చేస్తారు. ఇది మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు.

అయితే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పారే ఏటినీళ్ళే వాటికి కావాలి. పూర్వం నదుల్లో పిల్లలను ఏరి తెచ్చి చెరువుల్లో వేసేవారు. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త సూదిమందు ఇచ్చి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించడంలో సఫలులయ్యారు. నేటికీ జూలై 10న మన దేశంలో చేపల రైతుల దినం జరుపుతున్నది దాన్నిబట్టే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చెరువులో బొచ్చె ఉన్నదంటే చాలావరకు ఎవరో పిల్లలను కొని తెచ్చి వేశారన్నమాట. ఆ ఎవరో అప్పు చేసి ఉండవచ్చు. దేవుడు చేపను చేశాడు, నిజమే. వరి గింజను చేసినవాడూ ఆయనే. అంతమాత్రాన పక్కవాడి చేను మనం కోసుకోము గదా!

ఇప్పుడు కపెర్నహూముకు వెళదాం. దేవాలయపు పన్ను వసూలు చేసేవారు పేతురును నిలదీశారు, మీ బోధకుడు కట్టడా అని. మనిషికి అరషెకెలు. ఆ లెక్క నిర్గమకాండము 30వ అధ్యాయంలో ఉంది. ఈ సంగతి నాలుగు సువార్తల్లో మత్తయి ఒక్కడే రాశాడు. ఆయన అదే ఊళ్ళో సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నవాడు. పన్ను అడిగినప్పుడు మనుషుల ముఖాలు ఎలా మారతాయో ఆయనకు తెలుసు.

ఇంట్లోకి రాగానే ప్రభువే ముందుగా పేతురును ప్రశ్నించాడు. రాజులు పన్ను ఎవరి దగ్గర తీసుకుంటారు, కొడుకుల దగ్గరా, బయటివారి దగ్గరా? బయటివారి దగ్గరే. అయితే కొడుకులు స్వతంత్రులు. ఇక్కడ ఆపేస్తే మన సహోదరుడి వాదన గెలిచినట్టే. కాని ప్రభువు అక్కడ ఆపలేదు. వారికి అభ్యంతరం కలగకూడదని పేతురును సముద్రానికి పంపాడు. వల కాదు, గాలం. సువార్తల్లో గాలం మాట వచ్చేది ఇక్కడొక్కచోటే.

గలిలయకు వెళ్ళే యాత్రికులకు 'పేతురు చేప' అని తిలాపియా వేయించి పెడతారు. మన దగ్గర కొందరు దాన్ని జిలేబీ చేప అంటారు. ఆ సరస్సు ఒడ్డున ఏన్ గేవ్‌లో నివసించి, అక్కడే చేపలు పట్టి, దాని మీద పుస్తకాలు రాసిన మెండెల్ నూన్ మాత్రం వేరే మాట చెప్పాడు. ఆ తిలాపియా నీళ్ళలోని సన్నని నాచును మేసేది, గాలానికి సరిగా పడదు. పేతురుకు పడింది మీసాల చేప అయి ఉంటుందని ఆయన అభిప్రాయం. అది కూడా కార్పు కుటుంబంలోదే. మన బంగారుతీగకు దూరపు చుట్టమన్నమాట!

దాని నోటిలో ఒక షెకెలు. ఇద్దరికీ సరిపోయే సొమ్ము, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఈ భాగాన్ని సంఘంలో చందా వసూలుకు మాత్రమే వాడే ప్రసంగీకులున్నారు, అది నాకు నచ్చదు. ఇక్కడ బాధ్యత లేనివాడు, స్వతంత్రుడైనవాడు, బాధ్యత ఉన్నవాడి పక్కన నిలబడి ఒకే నాణెంతో ఇద్దరి బాకీ తీర్చాడు. సిలువ నీడ ఇక్కడే పడుతోంది.

చెరువు పాడుకున్న ఆసాములు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే మీతో ఒక మాట. పంచాయతీ పాటలో పాడినా, సంఘం పేర లీజుకు తీసుకున్నా చెరువు మీదే, కాదనను. కాని లేవీయకాండము 19వ అధ్యాయం చదవండి. చేను కోసేటప్పుడు అంచులు బీదలకూ పరదేశులకూ వదలమన్నాడు దేవుడు. వలపట్టుకు ఎన్నో బుట్టల చేప తీసేవారు, గట్టు మీద ఒక పిల్లవాడి గాలపు కర్ర విరిచేస్తే దేవుడు లెక్క చూడడనుకోకండి. మీ వలపట్టు అయ్యాక ఒక్కపూట ఊరికి గాలం వదిలితే మీకు ఎంత పోతుంది?

ఉత్తరం రాసిన సహోదరుడా, నీకు నా జవాబు ఇది. ఇక రాత్రి వెళ్ళవద్దు. పగటిపూట, మీ సంఘ పెద్దను ఒకరిని వెంటబెట్టుకొని ఆ ఆసామి దగ్గరకు వెళ్ళు. పట్టిన చేపలు ఎన్నో ఉన్నదున్నట్టు చెప్పు. డబ్బు లేకపోతే గట్టు పనో, వలపట్టు రోజు కూలో చేసి తీరుస్తానను. తర్వాత గాలం వేసుకోవడానికి రుసుము ఎంతో అడుగు. ఆయన కోపగించవచ్చు, పదిమందిలో మాట అనవచ్చు. నీకు భయమని తెలుసు. పేతురుకు ఆ రోజు నాణెం దొరికిందని మత్తయి రాయనేలేదు, గమనించావా? ప్రభువు వెళ్ళమన్నాడు, అంతవరకే ఉంది. వెళ్ళడం పేతురు వంతు.

ఆయన ఏమన్నాడో మాకు మరో ఉత్తరం రాయి. శ్రోతలందరూ ఈ వారం ఈ సహోదరుడి కోసం, ఆ ఆసామి కోసం కూడా ప్రార్థించండి. వచ్చే వారం 18వ అధ్యాయం చూద్దాం. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.