చిన్న వాల్వు ఆంప్లిఫయరును ఎన్నుకొనుట

(కడత్తూరులో మన సంఘము నెల సమావేశమున చేసిన ప్రసంగము)



మన పిల్లల వాద్యబృందమునకు గిటారు ఆంప్లిఫయరు ఒకటి కొనవలెనని సంఘము తీర్మానించినది. ఏది కొనవలెనో నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ములను ఆజ్ఞాపించినారు. మేము ఇంజనీరులము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. అయినా యీ విషయములో మాకు ఒక యోగ్యత ఉన్నది. ఒకసారి తప్పుగా కొని, డబ్బు పోగొట్టుకొని, ఒక పిల్లవాని మనసు నొప్పించినవారము. దెబ్బ తిన్నవాని మాట కొంచెము వినదగినదే గదా!

సంగతి యిది. మేము స్టేషను పక్క క్వార్టర్సులో కాపురమున్న రోజులలో మా అక్కయ్య కొడుకు మా యింటనే ఉండి చదువుకొనేవాడు. వానికి గిటారంటే పిచ్చి. పండుగ బోనసు వచ్చిన నెలలో ఒక ఎలక్ట్రిక్ గిటారు కొని యిచ్చినాము. దానిని ఊరికే మీటితే వినపడీ వినపడనట్లుంటుంది. ఆంప్లిఫయరు లేనిదే పని జరుగదు. “కొనేది ఒక్కసారే, పెద్దదే కొందాము” అని మేము గొప్పకు పోయి, 50 వాట్ల వాల్వు ఆంప్లిఫయరు పాతది ఒకటి తెచ్చినాము. దానిని బండి మీద నుండి దించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చినారు. అదీ మాకు గొప్పగానే తోచినది.

మా గోడకు అవతల ఒక లోకో పైలటుగారి కాపురము. రాత్రంతా గూడ్సు నడిపి, తెల్లవారి వచ్చి పడుకొనేవారు. మావాడు వాల్యూము మీటను ఒకటి దగ్గర పెట్టినా వారింట గిన్నెలు మోగేవి. రెండు రోజులు ఓర్చుకొని, మూడవనాడు ఆయన భార్య మా గుమ్మములోకి వచ్చి, “అన్నా, నిద్ర లేని మనిషి రాత్రి బండి ఎక్కితే ఎట్లా?” అన్నది. కోపముతో అనలేదు, భయముతో అన్నది. రైల్వే ఉప్పు తినే మాకు ఆ మాట బరువు వేరొకరు చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రమే ప్లగ్గు పీకివేసినాము. మావాడు మారు పలుకలేదు. గిటారును బీరువా మీద పెట్టినాడు. ఆరు నెలలు దానిని దించలేదు. పిల్లవాడు ఏడ్చియుంటే మాకు అంత కష్టముండేది కాదు.

తప్పు గిటారుది కాదు, పక్కింటివారిది కాదు. మేము ఎన్నుకొన్న వాట్లది. ఆ తరువాత తెలిసినవారిని అడిగి, నాలుగు చోట్ల విని నేర్చుకొన్నదే యిప్పుడు మీకు మనవి చేస్తున్నాము.

వాల్వు అంటే పెద్దలకు తెలియనిది కాదు. మా తాతగారింటి రేడియో మీట తిప్పిన తరువాత కొంతసేపు మౌనముగా ఉండి, లోపల గాజు బుడ్లు ఎర్రబడిన పిమ్మట మాట్లాడేది. ఆ గాజు బుడ్లే వాల్వులు. 1904 లో ఇంగ్లండులో ఫ్లెమింగు మొదటిది చేసినాడు. 1906 లో అమెరికాలో లీ డి ఫారెస్టు దానిలో మూడవ తీగ చేర్చి, చిన్న శబ్దమును పెద్దది చేయుటకు దారి చూపినాడు. 1947 లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత రేడియోలలో వాల్వుల కాలము క్రమముగా ముగిసినది. మన పొరుగున బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు కూడా 1961 మొదలు రేడియో వాల్వులు చేసినారు. ఇప్పుడు కొత్తవి ఎక్కువగా స్లొవాకియా, రష్యా, చైనా దేశముల నుండి వస్తున్నవి.

మరి గిటారువారు దానిని ఎందుకు విడువలేదు? వాల్వు తన శక్తికి మించిన పని పడినప్పుడు శబ్దమును ఒక్కసారిగా తెగగొట్టదు, మెల్లమెల్లగా వంచుతుంది. మెత్తగా మీటితే తేటగా పలుకుతుంది, గట్టిగా మీటితే గరగరలాడుతుంది. వేలి బరువును అది గుర్తిస్తుంది. అయితే యిక్కడే మేము పప్పులో కాలు వేసినాము. వాల్వు కొంచెము శ్రమపడితేనే ఆ నాదము వస్తుంది. 50 వాట్లదానిని ఒకటి దగ్గర పెడితే దానికి శ్రమ లేదు, నాదమూ లేదు. పక్కింటివారికి నిద్ర మాత్రము లేదు!

వాట్ల లెక్క కూడా మనము అనుకొన్నట్లుండదు. 50 వాట్లు 5 వాట్లకు పది రెట్లు గనుక పది రెట్లు మోగుతుందని అనుకొంటాము. శక్తి పది రెట్లయితే పెరిగేది 10 డెసిబెల్సు. మన చెవికి అది సుమారు రెండింతల మోతగా తోస్తుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. అదే 3 డెసిబెల్సు మంచి స్పీకరు వలన కూడా వస్తుంది. ఒక వాటుకు మీటరు దూరములో 97 డెసిబెల్సు పలికే స్పీకరును తీసి 100 పలికేది పెడితే వాట్లు రెట్టింపు చేసినంత ఫలము. కాబట్టి వాట్లు మాత్రమే చూసి, స్పీకరు చూడకుండా కొనడము, ఎద్దును చూసి బండిని చూడకపోవడము వంటిది.

1950 లలో అమెరికాలో ఫెండర్ కంపెనీవారి ఛాంప్ అనే ఆంప్లిఫయరు సుమారు 5 వాట్లది, చివర ఒకే పవరు వాల్వు. నేర్చుకొనే పిల్లలకని చేసిన ఆ చిన్నది తరువాత రికార్డింగు స్టూడియోలలోనూ చోటు సంపాదించినది. ఇంగ్లండులో వాక్స్ కంపెనీవారు 1950 ల చివర 15 వాట్లది చేసినారు, దానిలో ఇ.ఎల్. 84 అనే వాల్వులు రెండు. ఇంటికి మొదటిది, చిన్న కచేరీకి రెండవది నేటికీ మంచి కొలతలే. డోలకు, తబలా, హార్మోనియముతో మన సంఘపు గదిలో వాయించడానికి 15 వాట్లు చాలును. ఆలయము ముందర పందిరిలో వాయించవలసివస్తే స్పీకరు ఎదుట ఒక మైకు పెట్టి ఊరి మైకుసెట్టుకు కలిపితే సరి. పెద్ద మోత పని మైకుసెట్టుది, నాదము పని మనది.

అయితే 5 వాట్లు కూడా మూసిన గదిలో తక్కువ మోత కాదు. కనుక శక్తిని ఒక వాటుకో, అంతకు లోపలికో దించే మీట ఉన్నదానిని చూడవలెను. రాత్రిపూట మాత్రమే వాయించుకొనేవారికి హెడ్‌ఫోను పెట్టుకొనే ట్రాన్సిస్టరు రకమో, వాల్వు నాదమును చిప్పులతో అనుకరించే రకమో మేలు. వాటిని చిన్నచూపు చూడరాదు.

వాద్యమును బట్టి కూడా ఎన్నిక మారుతుంది. పాలకొల్లులో 1969 లో పుట్టి, 2014 లో కాలము చేసిన యు. శ్రీనివాస్‌గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకములు పలికించి, కర్ణాటక సంగీత సభలలో ఆ వాద్యమునకు పీట వేయించినారు. గమకము తేటగా వినపడవలెనంటే ఆంప్లిఫయరు తొందరగా గరగరలాడరాదు. అట్టివారికి 5 కంటె 15 వాట్లు నయము. పికప్పు పెట్టిన చెక్క గిటారుకు మాత్రము యీ రకమే తగదు. గిటారు ఆంప్లిఫయరు స్పీకరు సుమారు 5,000 హెర్ట్‌జుల పైన పెద్దగా పలుకదు. చెక్క గిటారు మెరుపంతా ఆ పైననే ఉన్నది.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. మన గిటారునే తీసుకొనిపోయి, మన యింట్లో వాయించే మోతలోనే వాయించి వినవలెను. వైరు తీసి, మీట సగము తిప్పి, ఊరక గుయ్యిమనే శబ్దమెంతో చూడవలెను. వెనుక ఎన్ని వోల్టులని వ్రాసినదో చదువవలెను. అమెరికా నుండి వచ్చినది 120 వోల్టులది కావచ్చును, మనది 230. నడుమ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా పెట్టితే పొగ తప్పదు. ఎర్తు ఉన్న మూడు ముళ్ల ప్లగ్గు లేనిదానిని ముట్టరాదు. స్పీకరు వైరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరును నడిపితే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. స్పీకరు 8 ఓములదైతే 8 అని వ్రాసిన చోటనే కలుపవలెను. అన్నిటికంటె ముఖ్యము: ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచియుంటవి. పిల్లలు దాని వెనుక తలుపు తీయరాదు. అది ప్రాణము మీది మాట.

కాబట్టి మా సలహా యేమనగా, 15 వాట్లది, శక్తి దించే మీట కలిగినది, ఒక్కరు చేత మోసుకొని బొమ్మిడి బస్సు ఎక్కగలిగినది కొందాము. మిగిలిన డబ్బుతో ఒక జత వాల్వులు అదనముగా తెచ్చి పెట్టుకొందాము. ఏడాదికి ఒకసారి వచ్చే పందిరిని చూసి కొనవద్దు. దినదినము వాయించే గదిని చూసి కొనవలెను. దినము వాయించనివాడు ఉగాదినాడు ఏమి వాయించగలడు?

మా మేనల్లుని సంగతి చెప్పి ముగిస్తాము. ఆ పెద్దదానిని నష్టానికి అమ్మి, 5 వాట్లది ఒకటి తెచ్చి, మాటాడకుండా బీరువా పక్కన పెట్టినాము. వాడు మూడు రోజులు దానిని చూడనట్లే తిరిగినాడు. నాలుగవనాడు మేము డ్యూటీ నుండి వచ్చేసరికి గిటారు బీరువా మీద లేదు. గోడకు అవతలివారు ఆ వేళ నిద్రలో ఉన్నారు, లేవలేదు. ఇప్పుడు మేము కడత్తూరులోనే కాపురమున్నాము. ఉగాదినాడు పంచాంగ శ్రవణము అయిన తరువాత వాడు మీ యెదుట వాయిస్తాడు. తప్పులుంటే పెద్దలు మన్నించి, మోత ఎక్కువైతే మాత్రము మాతో చెప్పవలెను.