రెండుసార్లు కాలిపోయి, మూడోసారి నిలబడ్డ గుడి: రోమ్ పాంథియన్

ఈ ఎపిసోడ్‌లో రోమ్ వెళ్దాం.

పాంథియన్ మీద రీల్స్ మీలో చాలామంది చూసే ఉంటారు. "రెండు వేల ఏళ్ల నాటి గుడి. స్టీల్ లేదు, అయినా చెక్కు చెదరలేదు. మన ఇంజినీర్లు కట్టిన బ్రిడ్జి పదేళ్లు కూడా ఉండదు. రోమన్ల సీక్రెట్ ఏంటి?" అని వెనకాల మ్యూజిక్ వేసి చెప్తుంటారు. వినడానికి బానే ఉంటుంది. కానీ అందులో సగం నిజం, సగం కథ. ఆ రెండూ ఇవాళ విడదీద్దాం.

ముందు పేరు సంగతి. గుడి ముందు భాగంలో పెద్ద అక్షరాలతో లాటిన్‌లో ఒక లైన్ ఉంటుంది. "లూసియస్ కొడుకు మార్కస్ అగ్రిప్పా, మూడోసారి కాన్సుల్‌గా ఉన్నప్పుడు దీన్ని కట్టించాడు" అని దానర్థం. అగ్రిప్పా అంటే అగస్టస్ చక్రవర్తికి కుడిభుజం. ఆయన మూడోసారి కాన్సుల్ అయింది క్రీ.పూ. 27లో. సో, ఈ బిల్డింగ్ ఆయనదే అని అందరూ ఫిక్స్ అయిపోయారు. ఇది కట్టిన వందేళ్లలోపే పుట్టిన చరిత్రకారుడు డియో కాసియస్ కూడా అలాగే రాశాడు. ఆయనేమో రోమ్ సెనేట్ మెంబరు!

కానీ అగ్రిప్పా కట్టిన గుడి క్రీ.శ. 80లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. డొమిషియన్ చక్రవర్తి మళ్లీ కట్టించాడు. 110లో పిడుగు పడి అదీ కాలిపోయింది. ఇప్పుడు మనం చూసేది మూడోది. ట్రాజన్ చివరి రోజుల్లో మొదలై, హాడ్రియన్ కాలంలో, అంటే సుమారు 125 నాటికి పూర్తయిందని ఇప్పుడు చరిత్రకారులు చెప్తున్నారు.

ఇది ఎలా తెలిసిందంటే, ఇటుకల వల్ల. రోమ్‌లో ఇటుక బట్టీల వాళ్లు ఇటుకల మీద ముద్ర వేసేవాళ్లు. కొన్ని ముద్రల్లో ఆ ఏడాది కాన్సుల్స్ పేర్లు కూడా ఉండేవి. 1892లో జార్జ్ షెడాన్ అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ పాంథియన్ ఇటుకల్ని పరిశీలిస్తే, ఆ ముద్రలు అగ్రిప్పా కాలానివి కావని తేలింది. నాలాంటి కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, హోమ్ పేజీలో ఒకరి పేరుంది, లాగ్స్‌లో టైమ్‌స్టాంప్ ఇంకోటి ఉంది. నమ్మాల్సింది లాగ్స్‌నే. హాడ్రియన్ తన పేరు వేసుకోకుండా మొదట కట్టించినవాడి పేరే ఉంచాడు. మన దగ్గర శిలాఫలకాల గొడవలు చూసినవాళ్లకి ఇది కాస్త వింతగానే ఉంటుంది!

ఇక ఇంజినీరింగ్‌కి వద్దాం. ముందు 16 గ్రానైట్ స్తంభాలు. ఒక్కోటి ఏకశిల, దాదాపు 12 మీటర్ల ఎత్తు, 60 టన్నుల దాకా బరువు. ఇవి ఈజిప్టు నుంచి వచ్చాయి. బూడిద రంగు స్తంభాల క్వారీ నైలు నదికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, ఎడారిలో ఉంది. అక్కణ్ణుంచి నది దాకా ఈడ్చి, నైలు మీద దింపి, సముద్రం దాటించి తెచ్చారు. ఇంజిన్లు లేని రోజుల్లో.

లోపలికెళ్తే గుండ్రటి హాలు. అడ్డంగా కొలిచినా 43.3 మీటర్లు, నేల నుంచి గుమ్మటం పైదాకా కొలిచినా అంతే. అంటే ఒక పెద్ద బంతి అందులో కరెక్ట్‌గా పడుతుంది. హైట్ ఊహించుకోవాలంటే మన 14 అంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి. మధ్యలో ఒక్క పిల్లర్ లేదు. స్టీల్ వాడని కాంక్రీట్ గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ ఇదే పెద్దది. ఈ పాయింట్ వరకు రీల్ చెప్పింది నిజమే.

మరి ఎలా నిలబడింది? బరువు తగ్గించుకుంటూ పోవడమే ట్రిక్. సున్నం, అగ్నిపర్వతం బూడిద, రాళ్ల ముక్కలు కలిస్తే రోమన్ కాంక్రీట్. పునాదిలో బరువైన ట్రావర్టీన్ రాయి కలిపారు. పైకెళ్లే కొద్దీ తేలికైనవి. చిట్టచివర ప్యూమిస్, అంటే నీళ్లలో తేలే రాయి! మందం కూడా అంతే. గుమ్మటం అడుగున 6 మీటర్లు, పైన రంధ్రం దగ్గర 1.2 మీటర్లు. లోపలి వైపు 5 వరసల్లో, వరసకి 28 చొప్పున చతురస్రపు గుంటలు చెక్కినట్టు కనిపిస్తాయి. పైన ఎనిమిది మీటర్లకు పైగా వెడల్పున్న ఓపెనింగ్. అక్కడ కాంక్రీటే లేదు కాబట్టి బరువూ లేదు.

"ఆ రంధ్రంలోంచి వాన లోపల పడదు, వేడిగాలి ఆపేస్తుంది" అని ఇంకో కథ ఉంది. వాన శుభ్రంగా పడుతుంది. అందుకే నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, నీళ్లు పోవడానికి 22 చిన్న రంధ్రాలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు పాయింట్. "చెక్కు చెదరలేదు" అన్నది కరెక్ట్ కాదు. పాంథియన్ గుమ్మటానికి పగుళ్లున్నాయి. గుమ్మటం అడుగు భాగం దాని బరువుకి బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. ఆ లాగుడు తట్టుకునే శక్తి కాంక్రీట్‌కి తక్కువ. అందుకే కింది నుంచి పైకి నిలువుగా పగిలింది. అయినా పడిపోలేదు. ఎందుకంటే పగిలిన ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కమానుల్లా నిలబడ్డాయి. వాటిని బయటికి జారకుండా ఆపేది కింద ఉన్న 6 మీటర్ల మందం గోడ.

మన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి 6 మీటర్ల గోడ పెడితే ఇంక బెడ్‌రూమ్ ఎక్కడుంటుంది? అందుకే మనం స్టీల్ వాడతాం. స్టీల్ లాగుడు తట్టుకుంటుంది, సన్నటి బీమ్‌తో పని జరుగుతుంది. కానీ నీళ్లు చేరితే తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, కాంక్రీట్‌ని పగలగొడుతుంది. కాబట్టి చూసుకుంటూ ఉండాలి. రోమన్ కాంక్రీట్‌లో నిజంగా నేర్చుకోవాల్సింది ఉంది, కాదనను. దాంట్లోని సున్నం ముక్కలు చిన్న పగుళ్లని వాటంతటవే పూడ్చగలవని 2023లో ఎంఐటీ పరిశోధకులున్న ఒక టీమ్ పేపర్ వేసింది. కాకపోతే వాళ్లు చూసిన శాంపిల్స్ ప్రివెర్నమ్ అనే ఊరి గోడవి, పాంథియన్‌వి కావు.

ఇంకో విషయం, ఈ గుడిని ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉన్నారు. 202లో రిపేర్ చేయించినట్టు అగ్రిప్పా పేరు కిందే చిన్న అక్షరాల్లో ఉంది. 609లో ఇది చర్చి అయింది. పక్కనున్న చాలా గుళ్ల పాలరాయిని కాల్చి సున్నం చేసేశారు, ఇది మాత్రం మిగిలింది. నష్టాలూ జరిగాయి. 663లో చక్రవర్తి రెండో కాన్‌స్టాన్స్ కప్పు మీది కంచు పలకలు ఊడదీసుకుపోయాడు. తర్వాత పోప్ మూడో గ్రెగరీ సీసం రేకులు వేయించాడు. 17వ శతాబ్దంలో బార్బెరినీ కుటుంబానికి చెందిన పోప్ ఎనిమిదో అర్బన్ ముందు మంటపం కంచు తీసి ఫిరంగులు పోయించాడు. బార్బేరియన్లు చెయ్యనిది బార్బెరినీలు చేశారని రోమ్ జనం ఎద్దేవా చేశారు.

సో, రోమన్లకి మంత్రం ఏమీ లేదు. ఇదే స్థలంలో రెండు గుళ్లు కాలిపోయాయి, వాటి మీద ఎవరూ రీల్ చెయ్యరు. మిగిలింది మాత్రమే మనకి కనబడుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఎక్కడైనా బ్రిడ్జి కూలినప్పుడు "పాతకాలం టెక్నాలజీ పోయింది" అనేస్తే బాధ్యులు హాయిగా తప్పించుకుంటారు. అడగాల్సిన ప్రశ్న వేరే. దాన్ని చివరిసారి ఎవరు చెక్ చేశారు? ఏం రాశారు? ఆ రిపోర్ట్ ఎక్కడుంది? పాంథియన్ విషయంలో ఇటుకలు జవాబు చెప్పాయి. మన బ్రిడ్జిల విషయంలో ఫైళ్లు చెప్పాలి.

2023 జూలై నుంచి పాంథియన్‌కి టూరిస్టులకి 5 యూరోల టికెట్ పెట్టారు. అక్కడ ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. రోమ్ వెళ్లేవాళ్లుంటే వాన రోజు వెళ్లండి, నేల మీద ఆ 22 రంధ్రాలు పనిచేస్తూ కనిపిస్తాయి.

మీ ఊళ్లో చాలా ఏళ్లుగా నిలబడ్డ కట్టడం ఏదైనా ఉంటే, దాన్ని ఎవరు చూసుకుంటున్నారో కనుక్కుని కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.